జలుబు, ఫ్లూలకు చైనా సంప్రదాయ వైద్యం: రకం తేల్చుకోవడం నుంచి కషాయం కాచడం దాకా

మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని జలుబు గురించి మనవాళ్లు వేళాకోళమాడతారు. చైనా వైద్యులు దాన్ని కాదనరు గానీ, ముందు ఒక ప్రశ్న వేస్తారు: అసలు ఏ జలుబు? వాళ్ల లెక్కలో ఇద్దరికి ఒకే వైరస్ సోకినా మందు ఒకటే కానక్కర్లేదు. ఒకరికి చెమట పట్టించే అల్లం కషాయం కావాలి, ఇంకొకరికి అదే అల్లం గొంతు మంటను రెట్టింపు చేస్తుంది. ఈ తేడా పట్టుకోకుండా పేరున్న ప్యాకెట్ కొని తాగి, 'పనిచేయలేదు' అనుకునేవాళ్లే ఎక్కువ.

కిందివన్నీ ఆరోగ్యవంతులైన పెద్దలకు, మొదటి రెండు మూడు రోజుల జలుబుకు ఉద్దేశించినవి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, బీపీ, గుండె, కిడ్నీ, లివర్ జబ్బులున్నవాళ్లు మూలికల జోలికి సొంతంగా వెళ్లకూడదు.

ఇంట్లో కూర్చోకూడని సందర్భాలు

ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, పెదవులు నీలంగా మారడం, మాట తడబడటం, ఆక్సిజన్ 94 కంటే తగ్గడం, మెడ బిగుసుకుపోయి భరించలేని తలనొప్పి, మూడు రోజులు దాటినా 102 డిగ్రీల పైనే ఉండే జ్వరం, తగ్గినట్టే తగ్గి మళ్లీ గట్టిగా వచ్చిన జ్వరం. వీటిలో ఏది ఉన్నా కషాయం పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. వానాకాలంలో ముక్కు కారకుండా, దగ్గు లేకుండా, ఒళ్లు విరిచేసే నొప్పులతో జ్వరం వస్తే అది జలుబు కాకపోవచ్చు. డెంగీకో మలేరియాకో పరీక్ష చేయించుకోండి. డెంగీ అనుమానం ఉన్నప్పుడు కింద చెప్పే గువా షా (చెంచాతో చర్మాన్ని గీకడం), కప్పులు (చర్మానికి అంటించి గాలి లాగేవి) అసలే వద్దు. ప్లేట్‌లెట్లు తగ్గిన ఒంటిని గీకితే చర్మం కింద రక్తస్రావమవుతుంది.

మొదటి పని: చలిగాలి రకమా, వేడిగాలి రకమా?

బయటి నుంచి వచ్చి చర్మం, ముక్కు, గొంతు దగ్గర తిష్ఠ వేసే రోగకారణాన్ని చైనా వైద్యంలో 'గాలి' అంటారు. ఆ గాలి చలిని వెంటబెట్టుకొస్తే ఫెంగ్ హాన్, వేడిని తెస్తే ఫెంగ్ రె. తేల్చుకోవడానికి ఈ వరుసలో చూడండి.

గొంతుతో మొదలుపెట్టండి. ఇంట్లో చూసుకోగలిగిన వాటిలో దీనికే ఎక్కువ విలువ. మింగితే మంట, అద్దంలో చూస్తే గొంతు ఎర్రగా వాచి ఉంటే వేడి రకం. గొంతులో దురదో గరగరో తప్ప మంట లేకపోతే చలి రకం.

తర్వాత వణుకు. దుప్పటి కప్పుకున్నా చలి వదలకుండా, జ్వరం తక్కువగా ఉంటే చలి రకం. చలి కాసేపే ఉండి, ఒళ్లు కాలిపోతూ దుప్పటి తన్నేయాలనిపిస్తే వేడి రకం.

ఆపైన దాహం. చలి రకంలో దాహం ఉండదు, తాగితే వేడిగానే తాగాలనిపిస్తుంది. వేడి రకంలో నోరెండిపోయి చల్లటి నీళ్ల మీదకు మనసు పోతుంది.

ముక్కు నుంచి నీళ్లలా కారితే చలి, పసుపుపచ్చగా చిక్కగా వస్తే వేడి. దీన్ని ఒంటరిగా నమ్మొద్దు. మామూలు జలుబులోనూ మూడో రోజుకల్లా చీమిడి పసుపు రంగుకు తిరుగుతుంది. అంతమాత్రాన అది బాక్టీరియా కాదు, యాంటీబయాటిక్ అక్కర్లేదు.

చివరగా నాలుక. పలచటి తెల్ల పూత ఉంటే చలి. కొన ఎర్రబడి, పూత పసుపుకు తిరిగితే వేడి. ఇక్కడే మనవాళ్లు తప్పులో కాలేస్తారు. పొద్దున్నే నాలుక గీసుకోవడం మనకు అలవాటు, గీశాక చూడటానికి పూతే మిగలదు. పళ్లు తోముకోకముందు, కాఫీ తాగకముందు, కిటికీ వెలుతురులో చూడండి. ట్యూబ్‌లైట్ కింద అన్ని నాలుకలూ ఒకలాగే ఉంటాయి.

గుర్తులు కలగాపులగంగా ఉంటే, ఉదాహరణకు వణుకుతోపాటు గొంతు మంట కూడా ఉంటే, గొంతు మాటే వినండి. అలాంటప్పుడు ఘాటైన వేడి మందులు మానేయడం క్షేమం. రకం మారుతుందని కూడా గుర్తుంచుకోవాలి. మొదటి రాత్రి చలిగా మొదలైనది రెండో రోజు సాయంత్రానికి వేడిగా మారడం మామూలే. నిన్న పనిచేసిందని ఇవాళా అదే కషాయం తాగడం సరికాదు. రోజూ పొద్దున మళ్లీ చూసుకోవాలి.

చలిగాలి రకం: మొదటి కొన్ని గంటలు

తుమ్ములు మొదలై, మెడ వెనక చలి పాకుతున్నప్పుడే ఇది చేయాలి. రెండో రోజుకు వాయిదా వేస్తే ఫలితం సగమే.

తాజా అల్లం 15 గ్రాములు, అంటే బొటనవేలంత ముక్క, తొక్కతోనే పలచగా తరగండి. ఉల్లికాడల తెల్లటి భాగాలు మూడు నుంచి ఐదు, వేర్లతో సహా బాగా కడిగి కచ్చాపచ్చాగా నలగ్గొట్టండి. అర లీటరు నీళ్లలో ముందు అల్లం వేసి పది నిమిషాలు మరిగించాలి. తర్వాత ఉల్లికాడలు వేసి, మూతపెట్టి మూడు నిమిషాలు. అంతకు మించి మరిగిస్తే ఉల్లి ఘాటు ఆవిరైపోతుంది, కావలసింది ఆ ఘాటే. చైనాలో ఇందులో హోంగ్ తాంగ్ అనే శుద్ధి చేయని చెరకు చక్కెర వేస్తారు. మన బెల్లం అచ్చంగా దానికి సరిపోతుంది, రెండు చెంచాలు చాలు. వడకట్టి, నోరు కాలనంత వేడిగా మొత్తం ఒకేసారి తాగాలి. డయాబెటిస్ ఉంటే బెల్లం వదిలేయండి.

తాగుతూనే కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుంటే పని త్వరగా అవుతుంది. 40 నుంచి 42 డిగ్రీలు, చీలమండ పైదాకా నీళ్లు, 15 నిమిషాలు. నుదుటి మీద, వీపు మీద తడి తగలగానే కాళ్లు తీసేయాలి. డయాబెటిస్‌తో పాదాలు తిమ్మిరిగా ఉండేవాళ్లకు వేడి తెలియదు, బొబ్బలు వస్తాయి. వాళ్లు ఈ పని మానుకోవాలి.

ఇక చెమట సంగతి. చలి రకం చికిత్స అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. కావలసింది ఒళ్లంతా సన్నగా తడి తగలడం, బట్టలు తడిసిపోవడం కాదు. మూడు దుప్పట్లు కప్పుకుని, ఆవిరి పట్టి, పైన ఇంకో కప్పు తాగి కుండపోతగా చెమట కక్కించుకునేవాళ్లు మర్నాడు నీరసంతో లేవలేరు, జలుబు మాత్రం అలాగే ఉంటుంది. చెమట పట్టాక పొడి తువ్వాలుతో తుడుచుకుని బట్టలు మార్చుకోవాలి. ఫ్యాను కిందికో ఏసీ గదిలోకో పోతే చేసిందంతా వృథా. అప్పటికే చెమట పడుతూ ఉంటే ఈ అల్లం, ఉల్లికాడల కషాయం మళ్లీ ఎందుకు?

సన్నగా చెమట పడుతూనే గాలి తగిలితే చలేస్తోంది, మనిషి మామూలుగానే కాస్త బలహీనుడు. అలాంటివాళ్లకు గ్వెయ్‌జ్ తాంగ్ అనే కషాయం. తూర్పు హాన్ వంశం చివరి రోజుల్లో, అంటే దాదాపు 1,800 ఏళ్ల క్రితం, వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ రాసిన షాంగ్ హాన్ లున్ అనే గ్రంథంలోది ఈ యోగం, అంటే మూలికల కూర్పు. ఇప్పుడు వాడే పాళ్లు: గ్వెయ్‌జ్ 9 గ్రాములు, తెల్ల పియోనీ వేరు బాయ్ షావ్ 9, వేయించిన అతిమధురం 6, తాజా అల్లం 9, చైనా ఎర్ర ఖర్జూరాలు అనే ఎండు రేగుపళ్లు నాలుగు, గింజ తీసి చీల్చినవి. గ్వెయ్‌జ్ అంటే దాల్చిన చెట్టు లేత కొమ్మలు. మన వంటింటి దాల్చినచెక్క అదే జాతి చెట్ల బెరడు. బెరడు పొట్టలోని చలికి, కొమ్మ పైపై చలికి అని చైనా వైద్యంలో వాటి పనులు వేరు. ఒకదాని బదులు ఇంకొకటి వేయొద్దు.

ఆ గ్రంథంలో ఏడు పాళ్ల నీళ్లు మూడు పాళ్లయ్యే దాకా సన్న మంట మీద కాచి, మూడు వంతులు చేసి ఒక వంతు గోరువెచ్చగా తాగమన్నారు. అసలు కిటుకు ఆ తర్వాతి వాక్యంలో ఉంది: మందు తాగిన కాసేపటికి వేడివేడి పలచటి బియ్యపు జావ తాగి, రెండు గంటలసేపు వెచ్చగా కప్పుకుని పడుకోవాలి. ఆ జావ లేకపోతే కషాయం చెమట దాకా రాకపోవచ్చు. చాలామంది వదిలేసేది సరిగ్గా దాన్నే! జ్వరమొస్తే గంజి తాగించే మన అమ్మమ్మలకు ఇది కొత్తగా అనిపించదు. మొదటి వంతుకే సన్నటి చెమట పట్టి తేలికపడితే మిగిలిన రెండు వంతులు తాగకూడదు. కాచాం కదా, పారేయడం ఎందుకని తాగేస్తే నష్టమే. ఆ రోజుల్లో చల్లటివి, పచ్చివి, జిగురువి, మాంసం, మద్యం, పాల పదార్థాలు వద్దని అదే గ్రంథం చెబుతుంది.

చెమట బొత్తిగా పట్టకుండా, ఎముకలు నొప్పులు పుడుతూ, ఆయాసంగా ఉండే గట్టి చలి రకానికి అదే గ్రంథంలో మా హ్వాంగ్ తాంగ్ ఉంది. దాన్ని ఇంట్లో ముట్టుకోవద్దు. మా హ్వాంగ్ అంటే ఎఫెడ్రా, అందులో ఎఫెడ్రిన్ ఉంటుంది. 1885లో జపాన్ శాస్త్రవేత్త నాగాయ్ నాగయోషి దాన్ని ఆ మొక్క నుంచే వేరుచేశారు. గుండె దడ, బీపీ పెరగడం, నిద్రలేమి, మరీ ఎక్కువైతే పక్షవాతం దాకా పోతుంది. అమెరికా 2004లో ఎఫెడ్రా ఉన్న ఆహార సప్లిమెంట్లను నిషేధించింది. ఆటగాళ్లయితే డోప్ పరీక్షలో దొరికిపోతారు.

వేడిగాలి రకం: యిన్ చ్యావ్ సాన్

గొంతు మంట, జ్వరం, దాహం ఉన్న జలుబుకు చైనాలో ముందుగా గుర్తొచ్చే యోగం ఇదే. చింగ్ వంశ కాలంలో అంటువ్యాధి జ్వరాలను దగ్గరి నుంచి చూసిన వైద్యుడు వూ జుతోంగ్ దీన్ని కూర్చాడు. పేరులోని యిన్ అంటే జిన్ యిన్ హ్వా, హనీసకల్ మొగ్గలు. చ్యావ్ అంటే ల్యెన్ చ్యావ్, ఫోర్సిథియా కాయలు.

ఒక రోజుకు వాడే పాళ్లు సుమారుగా ఇలా ఉంటాయి: హనీసకల్ మొగ్గలు 12 గ్రాములు, ఫోర్సిథియా కాయలు 12, జ్యె గెంగ్ వేరు 6, నియు బాంగ్ జ్ గింజలు 6 (నలగ్గొట్టి), పులియబెట్టిన నల్ల సోయా దాన్ దౌ చ్ 5, అతిమధురం 5, వెదురు జాతి ఆకు దాన్ జు యె 4, జింగ్ జ్యె 4, బొ హె అనే చైనా పుదీనా 6, లు గెన్ అనే రెల్లుజాతి గడ్డి వేరు 15. ఇవి చైనా మూలికల దుకాణంలో తూచి కట్టించుకోవలసినవి, ఒక్కొక్కటి వెతికి కొనేవి కావు.

ఇందులో సొంత తెలివి పనికిరాని చోట్లు రెండు. బొ హెలో మెంథాల్ దండిగా ఉంటుంది. మన పచ్చడి పుదీనా వేరే జాతి, దానిలో మెంథాల్ నామమాత్రం. రెండోది చామంతి. పొడి దగ్గు ముఖ్యంగా ఉన్న వేడి రకానికి వాడే సాంగ్ జు యిన్‌లో మల్బరీ ఆకుతోపాటు ఎండబెట్టిన చామంతి పువ్వు వేస్తారు. కదా అని పూల మార్కెట్లో దండల చామంతి తెచ్చి కాచుకోవద్దు. అవి తినడానికి పెంచినవి కావు, పురుగుమందులు కొట్టినవి. సాంగ్ జు యిన్‌లోని శింగ్ రెన్ అనే చేదు ఆప్రికాట్ పప్పు సంగతీ అంతే, లెక్క దాటితే సైనైడ్ విషమవుతుంది.

ఈ యోగం కాచే తీరు చలి రకానికి పూర్తిగా వేరు. సువాసన గుప్పుమనగానే దించేసి తాగాలి, ఎక్కువ కాచకూడదు అని వూ జుతోంగ్ రాశాడు. ఛాతీ పైభాగపు జబ్బుకు ఈకంత తేలికైన మందు కావాలన్నది ఆయన సూత్రం. ఈ మూలికల సుగంధ తైలాలు వేడికి ఎగిరిపోతాయి కాబట్టి గంటసేపు కాచిన యిన్ చ్యావ్‌లో చేదు తప్ప ఇంకేం మిగలదు. మంట వేడికి మందు చెడిపోతుందనడానికి ఇంకో ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ చలిజ్వరానికి చింగ్ హావ్ ఆకును కాచమనలేదు, నీళ్లలో నానబెట్టి రసం పిండమన్నాడు. ఆ వాక్యం చదివాకే చైనా శాస్త్రవేత్త తు యూయూ తక్కువ వేడిలో ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు తీయడం మొదలుపెట్టారు. 2015 నోబెల్ దాకా వెళ్లిన మలుపు అది.

జబ్బు గట్టిగా ఉంటే నాలుగు గంటలకోసారి, తేలికగా ఉంటే ఆరు గంటలకోసారి కొంచెం కొంచెంగా ఇవ్వడం ఈ యోగం పద్ధతి. పొద్దునా సాయంత్రం రెండు పూటలతో సరిపెడితే పట్టు దొరకదు. పొట్ట చల్లబడి విరేచనాలు మొదలైతే ఆపేయాలి. రకం తప్పు తేల్చామన్నమాట, లేదా జబ్బు మారిందన్నమాట.

దక్షిణ చైనాలో గ్వాంగ్‌డోంగ్ ప్రజలకు ల్యాంగ్ చా అనే చల్లదనం టీలంటే ప్రాణం. వీధి వీధికీ దుకాణం ఉంటుంది, 2006లో జాతీయ వారసత్వ జాబితాలో చేరింది కూడా. ఆ ఉక్కపోత నేలకు అది చెల్లుతుంది. వణుకుతో వచ్చిన చలి రకానికి ఆ టీ తాగితే మాత్రం జలుబు ఇంకో నాలుగు రోజులు ఎక్కువ ఉంటుందని అక్కడి వైద్యులే అంటారు.

కుండ, నీళ్లు, మంట

మట్టికుండ ఉత్తమం, లేదంటే గాజు, స్టీలు, ఎనామిల్. ఇనుము, అల్యూమినియం, రాగి వద్దు. మూలికల్లోని టానిన్లు వాటితో కలిసి రంగు, రుచి మారతాయి.

1. మూలికల మీద దుమ్ముంటే ఒక్కసారి నీళ్లలో జాడించండి, నానబెట్టి కడగొద్దు.
2. చల్లటి నీళ్లు మూలికల పైన రెండు వేళ్లు నిలిచేలా పోసి 20 నుంచి 30 నిమిషాలు నాననివ్వండి. వేడినీళ్లు పోస్తే పైపొర బిగుసుకుని లోపలి సారం దిగదు.
3. పెద్ద మంట మీద మరగనిచ్చి, వెంటనే సన్నం చేయండి. జలుబు మూలికలకు అక్కడి నుంచి 10 నుంచి 15 నిమిషాలు చాలు. బలానికి ఇచ్చే వేర్లకు 40 నిమిషాలు పడుతుంది, ఆ లెక్క ఇక్కడ తేవద్దు.
4. పుదీనా లాంటి సువాసన ఆకులు దించే ముందు మూడు నుంచి ఐదు నిమిషాలప్పుడు వేసి మూత పెట్టేయండి. కట్టించుకునేటప్పుడే వీటిని విడి పొట్లంలో ఇమ్మనాలి.
5. వేడిగా ఉండగానే వడకట్టండి. చల్లారితే పిప్పి మందును వెనక్కి పీల్చుకుంటుంది.
6. అదే పిప్పిలో తక్కువ నీళ్లు పోసి ఇంకోసారి పది నిమిషాలు కాచి, రెండూ కలిపేయండి. మొత్తం 400 మిల్లీలీటర్ల వరకు రావాలి, అది ఒక రోజు మందు. మర్నాటికి దాచొద్దు.

మాడితే నీళ్లు పోసి సరిచేయకండి, పారేయండి.

రెడీమేడ్ ప్యాకెట్లు: పెట్టె వెనక చదవాలి

సింగపూర్, మలేషియా, ఆస్ట్రేలియా, కాలిఫోర్నియాల్లో ఉండే తెలుగువాళ్లు, చైనాలో ఎంబీబీఎస్ చదివొచ్చిన పిల్లలు ఎక్కువగా వాడేది ఈ గుళికలు, పొడి ప్యాకెట్లే. ప్రమాదం కూడా ఇక్కడే ఎక్కువ, ఎందుకంటే పైన మూలిక బొమ్మ, లోపల ఇంగ్లీషు మందు.

గాన్ మావ్ లింగ్ అనే ప్రసిద్ధ పొడిలో ప్యాకెట్‌కు 200 మిల్లీగ్రాముల పారాసిటమాల్, నాలుగు మిల్లీగ్రాముల క్లోర్‌ఫెనిరమైన్, కాస్త కెఫీన్ ఉంటాయి. విటమిన్ సి కలిపిన యిన్ చ్యావ్ మాత్రల్లోనూ ఒక్కోదానిలో వంద మిల్లీగ్రాముల పైచిలుకు పారాసిటమాల్ ఉంటుంది. మూలికలే కదా అని ఇవి వేసుకుంటూ పైన డోలో 650 రోజుకు నాలుగైదు మింగితే లివర్ భరించే నాలుగు గ్రాముల హద్దుకు దగ్గరపడతారు. మద్యం తాగేవాళ్లకు ఆ హద్దు ఇంకా కింద ఉంటుంది. క్లోర్‌ఫెనిరమైన్ నిద్ర తెస్తుంది, వేసుకుని బండి నడపొద్దు. మామూలు యిన్ చ్యావ్ మాత్రల్లో ఇవేవీ ఉండవు. పేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి పదార్థాల జాబితా చూడటం తప్ప దారి లేదు.

కరోనా రోజుల్లో మోగిపోయిన ల్యెన్ హ్వా చింగ్ వెన్ 2003 సార్స్ నేపథ్యంలో పుట్టింది. మొత్తం 13 పదార్థాలు. అందులో పైన చెప్పిన మా హ్వాంగ్ ఉంది, విరేచనకారి అయిన రేవల్చిని జాతి వేరు దా హ్వాంగ్ ఉంది. అది వేడి రకానికి, అదీ జ్వరం గట్టిగా ఉన్నవాళ్లకు. ముందుజాగ్రత్తగా ఇంటిల్లిపాదీ వేసుకునే బిళ్ల కాదు.

ఎండాకాలం, వానాకాలాల్లో ఏసీ, ఐసు తర్వాత వచ్చే ఒక జలుబు ఉంది. తల బరువు, వికారం, విరేచనాలు, నాలుక మీద మందపాటి తెల్లటి జిగురు పూత. దానికి చలి, వేడి మందులు రెండూ సరిపడవు, హువో శ్యాంగ్ జెంగ్ చీ అనే మందు కావాలి. 'ష్వెయ్' రకం చిన్న సీసాల్లో దాదాపు సగం వరకు ఆల్కహాలే. మెట్రోనిడజోల్, సెఫోపెరజోన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడుతూ అది తాగితే మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతులతో పడిపోతారు. ఆల్కహాలు లేని 'కౌ ఫు యె' రకం అడిగి తీసుకోండి.

ఇతర ఇంగ్లీషు మందులు వాడుతుంటే కషాయానికీ వాటికీ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లు ఎడం పాటించినా లాభం లేదు, డాక్టరును అడగనిదే వద్దు. మూలికలు లైసెన్సు ఉన్న చోటే కొనండి; సింగపూర్‌లో 2000 నాటి చట్టం కింద, ఆస్ట్రేలియాలో 2012 నుంచి చైనా వైద్యులు రిజిస్టరై ఉంటారు. 1990ల మొదట్లో బెల్జియంలో ఒక మూలిక స్థానంలో పేరు దగ్గరగా ఉన్న అరిస్టొలోకియా జాతి మొక్క కలిసిపోయి ఎంతోమంది కిడ్నీలు పోయాయి.

నొక్కడం, గీకడం, కప్పులు

ముక్కు దిబ్బడకు నొక్కాల్సిన చోటు యింగ్ శ్యాంగ్: ముక్కుపుటం పక్కన, చెంప గీత మొదలయ్యే చోట. రెండు చూపుడు వేళ్లతో నిమిషం పాటు గుండ్రంగా నొక్కండి. తలనొప్పి, మెడ పట్టుకు ఫెంగ్ చ్: పుర్రె కింద, మెడ వెనక రెండు కండరాల పక్కన ఉండే గుంటలు. బొటనవేళ్లతో పైకి, కళ్ల వైపు నొక్కాలి. హె గు చేతి మీద బొటనవేలు, చూపుడువేలు ఎముకల మధ్య మెత్తటి చోట ఉంటుంది, తలనొప్పికీ గొంతుకూ పనికొస్తుంది. గర్భిణులకు హె గు నొక్కకూడదు.

గువా షాకు అంచు నున్నగా ఉన్న పింగాణీ చెంచా చాలు. మెడ వెనక నుంచి భుజాల దాకా, వెన్నుకు రెండు పక్కలా నూనె రాసి, చెంచాను 45 డిగ్రీల వాలులో పట్టి, పై నుంచి కిందికి ఒకే దిక్కుగా ఒక్కో గీత మీద పది, పదిహేనుసార్లు గీయండి. ఎముక మీద వద్దు. ఎర్ర చుక్కలు తేలగానే ఆ గీత వదిలేయాలి. నల్లబడే దాకా గీకడం మొరటుతనం. ఆ మచ్చలు పోయేదాకా, అంటే నాలుగైదు రోజుల వరకు, అదే చోట మళ్లీ గీకొద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు ఇది నిషిద్ధం. కప్పులు ఇంట్లో పెట్టుకుంటే నిప్పుతో కాకుండా పంపుతో గాలి లాగే రకమే వాడండి, ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు మాత్రమే. ఎక్కువసేపు ఉంచితే నీటి బొబ్బలు లేస్తాయి.

రాకుండా చూసుకోవడం

ఏటా చలికాలంలో నాలుగైదుసార్లు జలుబు పట్టేవాళ్లు, కాస్త నడిస్తే చెమట కారేవాళ్లు, గాలి పొసగనివాళ్లు. వీళ్లకోసం ఉన్నది యు పింగ్ ఫెంగ్ సాన్, మూడే మూలికలు. ఇప్పటి పొడి ప్యాకెట్లలో హ్వాంగ్ చీ మూడు పాళ్లు, బాయ్ జు ఒక పాలు, ఫాంగ్ ఫెంగ్ ఒక పాలు. ఐదు గ్రాముల ప్యాకెట్ రోజుకు మూడుసార్లు, జలుబుల కాలానికి రెండు నుంచి నాలుగు వారాల ముందు మొదలుపెడతారు. జలుబు పట్టాక వెంటనే ఆపేయాలి. దొంగ లోపల ఉండగా తలుపు గడియ పెట్టినట్టు అవుతుందని చైనాలో చెప్పే మాట. అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని అణచే టాక్రోలిమస్ వంటి మందులు వాడేవాళ్లు, కీళ్లవాతం, లూపస్ లాంటివి ఉన్నవాళ్లు హ్వాంగ్ చీ వాడకూడదు. దృఢంగా ఉండి, వేడి చేసే ఒళ్లున్నవాళ్లకు ఇది అక్కర్లేదు, నోరెండిపోతుంది, అంతే.

నివారణ పేరిట రోజూ బాన్ లాన్ గెన్ తాగడం చైనాలోనే పెద్ద దురలవాటు. 2003లో సార్స్ భయంతో గ్వాంగ్‌డోంగ్‌లో జనం దానికోసం, వెనిగర్ కోసం ఎగబడ్డారు. గదిలో వెనిగర్ మరిగిస్తే వైరస్ చావదు, ఆవిరికి గొంతు, ఊపిరితిత్తులు మండుతాయి. బాన్ లాన్ గెన్ చల్లటి వేరు, గొంతు మంట ఉన్నప్పుడు రెండు మూడు రోజులకు పనికొస్తుంది. ఊరికే తాగితే ఆకలి చస్తుంది.

ఫ్లూ అయితే

ఉన్నట్టుండి 102 దాటే జ్వరం, ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులు, లేవలేని నీరసం. ఇది ఫ్లూ తీరు. ఫ్లూ మందు ఒసెల్టమివిర్ మొదటి 48 గంటల్లో ఎక్కువ పనిచేస్తుంది కాబట్టి వృద్ధులు, గర్భిణులు, ఆస్తమా, డయాబెటిస్ ఉన్నవాళ్లు ఆ గడువులోనే డాక్టరును చూడాలి. కషాయంతో ఆ రెండు రోజులు గడిపేయడం పెద్ద తప్పు.

ఆధారాల మాటకొస్తే, 2011లో అచ్చయిన ఒక చైనా పరీక్షలో స్వైన్ ఫ్లూ వచ్చిన 410 మందిని నాలుగు జట్లు చేశారు. మందు లేని జట్టులో జ్వరం తగ్గడానికి సుమారు 26 గంటలు పడితే, ఒసెల్టమివిర్‌తో 20, యిన్ చ్యావ్‌ను మా హ్వాంగ్ ఉన్న ఇంకో యోగంతో కలిపి ఇస్తే 16, అన్నీ కలిపితే 15 గంటలు పట్టాయి. బాగుంది. కానీ ఉత్తుత్తి మందు ఇచ్చిన జట్టు అందులో లేదు, పైగా వాళ్లంతా తేలిక జబ్బున్నవాళ్లే. మామూలు జలుబు మీద 2007లో వైద్య అధ్యయనాలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ సమీక్ష చూసిన అధ్యయనాల నాణ్యత తక్కువని తేలింది. కాబట్టి ఈ వైద్యం నుంచి ఆశించదగింది కాస్త ఉపశమనమే. ఫ్లూ టీకాకు ఇది బదులు కాదు.

జ్వరం తగ్గాక

మూడు రోజులు జావ, ఉడికించిన కూరలు. బిర్యానీ, వేపుళ్లు, మాంసం తర్వాత. ఆకలి తిరిగి రాకముందే బలం కోసమని మాంసం పెడితే జ్వరం తిరగబెడుతుందని చైనా పాత వైద్యులు ప్రత్యేకంగా హెచ్చరించారు.

మిగిలిపోయిన పొడి దగ్గుకు పియర్ పండు. పైన మూతలా కోసి, గింజలు తీసి, లోపల పది గ్రాముల పటికబెల్లం పెట్టి, గిన్నెలో ఉంచి 40 నిమిషాలు ఆవిరి మీద ఉడికించి, రసంతో సహా తినాలి. చ్వాన్ బెయ్ అనే దుంప మూలిక పొడి కలపమంటారు గానీ అది ఖరీదైనది, దానిలో చవక రకం కలపడం మామూలు. అది లేకున్నా పియర్ పనిచేస్తుంది. కఫం తెల్లగా, నీళ్లగా, బోలెడు పడుతుంటే మాత్రం పియర్ వద్దు, కఫం ఇంకా పెరుగుతుంది. అతిమధురం వేసిన కషాయాలు వారం దాటి తాగొద్దు. బీపీ పెరిగి, పొటాషియం తగ్గి కాళ్లు వాస్తాయి. రెండు వారాలు దాటిన దగ్గుకు ఏ పండూ మందు కాదు, ఛాతీ ఎక్స్‌రే, కఫం పరీక్ష చేయించుకోండి.